ఎండిన బాయికి మూడు దినాల నీళ్లు

"పెద్దతాతా, నాయినమ్మ అంజీరలు పంపింది. నీ పాలు అని చెప్పమన్నది. ఒక్కటి అడుగుతా? అంజీర బతికింది గద, మరి మా తాత పెట్టిన ప్యాషన్ పండ్ల తీగ ఎట్ల సచ్చింది? నాయినమ్మను అడిగితే 'నేనే నీళ్లు పొయ్యక సంపిన' అని ఏడుస్తది. నువ్వు చెప్పు. ఫోన్ల రికార్డు వెడుతున్న."

పెట్టు బిడ్డా, పెట్టు. గిన్నె గా అరుగు మీద పెట్టి ఫోను నా దిక్కు తిప్పు. నా బొమ్మ రాదు గద దాంట్ల? రాకుంటే మంచిదే, గడ్డం గీసి వారమైంది. గొంతు ఒక్కటే అయితే పర్వాలేదు, గొంతుకు గడ్డం ఉండదు.

నీళ్లు పొయ్యక సంపిన అంటదా ఇంక? ఆరేండ్లాయె గద మీ తాత పోయి. ఇంక గదే అంటదా?

ఆగు, జర చాయ తాగనీ. ఇది చిన్నగ అయ్యే ముచ్చట కాదు. బాయి కాడికెళ్లి మొదలువెట్టాలె.

నువ్వు సూసిన బాయి ఎండిన బాయి. నేను జెప్పేది నీళ్లున్న బాయి. మా తాత తవ్విచ్చిండు దాన్ని. కాదు కాదు, మా తాత వాళ్ల నాయిన. ఇగ ఎవలో ఒకలు తవ్విచ్చిన్రు, నేనైతే తట్టెడు మన్ను ఎత్తలే. చుట్టూ రాతి కట్టడం, ఒక దిక్కు మెట్లు, నడుమ మెట్ల కాడ ఇద్దరు మనుషులు పండేటంత అరుగు. చాయ పది పైసలున్నప్పుడు మోట కొట్టినం దాని మీద. పది పైసలా, పదిహేనా... మీ పెద్దవ్వ ఉంటే చెప్తుండె, దానికి ధరలన్నీ యాది. నాకు తిన్నదే యాది.

మా నాయిన పోయినంక భూమి పంచుకున్నం. నేను పెద్దోణ్ణి జంగయ్యను, మీ తాత యాదయ్య నాకంటె నాలుగేండ్లు చిన్న. భూమికి గట్టు వెట్టొచ్చు గని బాయికి గట్టు వెట్టరాదు గద. బాయి పొత్తుల ఉండాలె. నీళ్లకు వంతు. ఒక దినం నాది, ఒక దినం ఆయనది. పెద్దమనుషులు గట్లనే చెప్పిన్రు, మేము సరే అన్నం. నేను జర గట్టిగనే అన్న సరే అని. మోసం జేసేటోడే గట్టిగ అంటడు.

మీ తాత ఊళ్లె ఎక్కువ దినాలు లేడు. మా మేనమామ కొడుకు ఒకడు నీలగిరి కొండల మీద పెద్ద బంగ్లాల తోటమాలి. వాడు తోలుకపోయిండు. పోయినోడు ఇరువై ఏండ్లు ఆడనే. ఏడాదికి ఒకసారి వస్తుండె, స్వెట్టరు ఏసుకొని. మన ఇబ్రహీంపట్నంల ఎండకు కుక్కలు గూడ బండి కింద పంటయి, వీడేమో స్వెట్టరు. నేను నవ్వేది. లోపల కుళ్లు కూడ ఉండె అనుకో, నాకు లేదు గద స్వెట్టరు.

ఎవుసం జేసింది మీ నాయినమ్మనే. మా లచ్చమ్మ. ఒక్కతే ఆడిమనిషి, మీ నాయిన అప్పుడు పదో తరగతి సదువుతుండె. ఒక ఎండకాలం ఆమె టమాట పెట్టింది. మంచిగ పూతకొచ్చింది. నాది వరి. బాయిల నీళ్లు మోకాలు బంటి. ఇగ నీకు సమజయ్యే ఉంటది.

ఆమె వంతు దినం నేను కోడి కూయకముందే పోయి మోటరు ఏసేది. ఆమె ఇంట్ల పనంత జేసుకొని వచ్చేసరికి బాయిల బురద నీళ్లే. ఒక దినం వచ్చి అడిగింది, "బావా, ఇయ్యాల నా వంతు గద?"

"ఊట తక్కువైంది లచ్చమ్మా, నన్నేం జెయ్యమంటవ్?" అన్న.

ఆమె నా మోటరు కాడికి పోయి దాని మీద అరచెయ్యి వెట్టింది. ఇంక ఎచ్చగనే ఉండె మోటరు. నా దిక్కు సూసింది. అంతే. తిడితే నేను గూడ తిడుతుంటి, లెక్క బరాబర్ అయితుండె. సూసుకుంట చెయ్యి తీసి కొంగుకు తుడుసుకొని పోయింది. టమాట మొత్తం మాడిపోయింది. గా చెయ్యి మాత్రం ఇప్పటిదాంక నాకు కనవడుతది.

అవ్ బిడ్డా, గట్లనే సూడు నన్ను. నీ సూపు గూడ ఆమె సూపే.

యాదయ్య సెలవు మీద వచ్చిండు. కొట్లాడినం. అంగీలు చినిగినయి. నాది పాతది, నాకు నష్టం లేదు. ఆయన జిద్దుకు బోరు ఏయించిండు. నేను ఊకుంటనా? మహేశ్వరం దిక్కు నుంచి బోరు బండి పిలిపిచ్చి ఆయన కన్న వంద ఫీట్లు ఎక్కువ తోలిచ్చిన. నీళ్ల కోసం కాదు, వంద ఫీట్ల కోసం. రెండేండ్లల్ల బాయి ఎండింది. తాతలు తవ్విన బాయి, ఎంత కరువొచ్చినా అడుగు కనవడని బాయి, మేమిద్దరం బతికుండంగ దాని అడుగు సూసినం.

పదకొండేండ్లు మాట్లాడలే ఇగ. ఎదురువడితే నేను మీదికి సూసేది. జనం ముసలోడు మొగులు సూస్తున్నడు, వాన కోసం అనుకునేది. ఒకసారి గట్ల మీదికి సూసుకుంట పోయి పెంటకుప్పల వడ్డ. గది రికార్డుల ఉంచకు.

అటెన్క మీ తాత కొండలు ఇడిసి వచ్చిండు. ఊపిరి బాగలేక. నాలుగడుగులు ఏస్తే ఆయాసం. దవాఖానోళ్లు ఎండ తాకనియ్యొద్దు అన్నరట. ఇబ్రహీంపట్నంల ఉండి ఎండ తాకొద్దంటే ఎట్ల? చెరువుల ఉండి తడవొద్దన్నట్టు.

మరి ఏం జేసిండు ఎరికేనా? ఎండిన బాయిలకు దిగిండు. నులక మంచం దించుకొని పగటిపూట ఆడనే పండుకునుడు. ఊళ్లె నవ్విన్రు. నేను అందరికన్న ముందుగాల నవ్విన. ఒక వారం సూసిన, రెండు వారాలు సూసిన. లోపటికెళ్లి ఆగి ఆగి గడ్డపార సప్పుడు వస్తుంది. ఇగ ఆగలేక ఒడ్డు మీద నిలవడి కిందికి ఒర్లిన.

"ఏందిరా, బాయిల బంగారం దొరికిందా?"

పదకొండేండ్లకు మొదటి మాట గది. మంచి మాట దొరకలేదు నాకు.

కిందికెళ్లి అన్నడు, "లే అన్నా. సల్లదనం దొరికింది. దిగు, సగం నీదే గద."

దిగిన. దిగుతుంటే మెట్టు మెట్టుకు ఎండ తగ్గుకుంట వచ్చింది. పైన కుంపటి, కింద కొత్త కుండ. ఆయన తడిగుడ్డల చుట్టి కొండలకెళ్లి తెచ్చిన కట్టెలు చూపెట్టిండు. రెండు అంజీర కొమ్మలు, ఒక ప్యాషన్ తీగ మొక్క. ఊళ్లె దాన్ని ఫ్యాషన్ పండు అన్నరు, అననీ.

కొండల మీద ఎట్ల పెంచుతరో చెప్పిండు. గా ముచ్చట చెప్పేటప్పుడు ఆయాసం గూడ రాకపోయేది మనిషికి. ఆడ చలి ఎక్కువ గద, అంజీరను ఎండ తగిలే రాతిగోడకు ఆనిచ్చి పెడుతరట. పగలంత గోడ కాగి రాత్రి దానికి ఎచ్చదనం ఇస్తదట. మన్నుల ఏర్లు ఎక్కువ పాకితే ఆకులే వస్తయి, కాయ రాదు, అందుకని గుంత చుట్టూ బండలు నిలవెట్టి ఏర్లను కట్టేస్తరట. తీగ మీదనేమో చలికాలం గోనెసంచులు కప్పుతరట, మంచు వడితే మాడిపోతదని.

"మంచుకు మాడుడు ఏందిరా?" అన్న.

"సలి గూడ మాడిస్తదన్నా. ఎండ మాడిస్తది, సలి మాడిస్తది, మనిషి మాడిస్తడు."

మూడోది నాకే తగిలింది. గడ్డపార అందుకున్న.

ఆడ చలికెళ్లి కాపాడిన మొక్కలను ఈడ ఎండకెళ్లి కాపాడాలె. నడుమ అరుగు మీద ఒక పూట ఎండ వస్తది, ఆడ మన్ను పోసి అంజీర పెట్టినం. చుట్టూ షాబాదు బండలు నేనే నిలవెట్టిన, నడుం పట్టుకున్నది. తీగను అడుగుల పెట్టి రాతికి ఇనుప తీగెలు గుంజి పాకిచ్చినం. సల్లదనం ఉన్నంత మేర పాకింది, ఒడ్డు దాంక వచ్చి ఎండను సూసి మళ్ల కిందికే మర్రింది. దానికున్న తెలివి నాకు లేకపాయె.

నీళ్లు నాలుగు దినాలకు ఒక బిందె. గంతే. "ఏరు తడవాలె అన్నా, నానొద్దు. నీళ్లు నిలిస్తే కుళ్లుతది" అని పది సార్లు చెప్పిండు. నేను ఇన్న. ఇనలేదని అబద్ధమాడను. కని రైతు చెవి గద, నీళ్లు వద్దన్న మాట దాంట్ల నిలవది.

రెండో చలికాలం పూసింది. రాఖీ లెక్క ఉంటది పువ్వు, తెల్ల రెక్కలు, మీద ఊదా వెంట్రుకలు. బాయిల తుమ్మెదలు దిగయి. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు మనమే అంటియ్యాలెనట. నిచ్చెన ఎక్కుడు ఆయనతోని కాదు. నేను ఎక్కిన, కోడి ఈక పట్టుకొని. కింద మంచం మీద కూసొని ఆయన చెప్తడు, "అదిగో ఎడమ దిక్కు. మెల్లగన్నా. ముద్దు పెట్టినట్టు ఉండాలె, సున్నం కొట్టినట్టు కాదు." డెబ్బై ఏండ్లకు తుమ్మెద ఉద్యోగం దొరికింది నాకు. జీతం లేదు గని, నాకు జిందగీల మంచిగనిపిచ్చిన పని గదొక్కటే.

పద్నాలుగు కాయలు పట్టినయి. దినాం లెక్కవెడుతుండె మీ తాత, ఎవరో ఎత్తుకపోతరన్నట్టు. పండును తెంపొద్దట, నల్లగయి అదే రాలాలెనట. రాలిన పండే తియ్యగుంటదట.

ఒక దినం అన్నడు, "మొదటి పండు రాలంగనే నువ్వు తీస్కపోయి లచ్చికియ్యి. నీ చేతుల మీద ఇయ్యి."

మీ నాయినమ్మ అప్పటికి గూడ నాతోని మాట్లాడకపోతుండె. మేమిద్దరం కలిసినంక గూడ, నేను వాకిట్లకు వస్తే లోపటికి పోతుండె.

"ఏమని ఇయ్యాలెరా?" అన్న.

"ఏమనకు. ఇయ్యి. ఆమెకు సమజైతది."

గంతే బిడ్డా నాకు ఆశ. ఆ పండు రాలాలె, గది ఆమె చేతుల పెట్టాలె. ఆమె మోటరు మీద పెట్టిన చెయ్యి ఉన్నది సూడు, గా చేతుల.

ఎండలు ముదిరినయి. మీ తాతకు ఊపిరి ఆడక పట్నం దవాఖానల షరీకు జేసిన్రు. మీ నాయినమ్మ ఆయన ఎంబడే. నేను సూడపోయిన. మూతికి గొట్టాలు, మాట్లాడరాదు. చెయ్యి ఎత్తి ఇట్ల ఏళ్లు ఆడిచ్చిండు, తీగ పాకినట్టు. నేను సూసుకుంట, ఫికర్ వడకు అన్న.

వచ్చి బాయిల దిగి సూస్తే పగటీలి ఎండకు ఆకులు వాలిపోయి ఉన్నయి. పొద్దుగూకితె మళ్ల లేస్తయి అవి, ఎండకాలం అన్నీ గట్లనే. నాకు తెల్వదా? పుట్టినకాడికెళ్లి మొక్కలల్లనే ఉన్న. కని గా దినం నా కండ్లకు టమాట తోట కనవడ్డది. వాలిన టమాట.

ఇగ ఆగలే. నా బోరుకు పైపు కట్టి బాయిలకు ఇడిసిన.

ఒక దినం ఇడిసిన. సాలదనిపిచ్చింది. ఇది ఆయన వంతు, ఇది లచ్చమ్మ వంతు, ఆ ఎండకాలం నేను గుంజుకున్న వంతులన్నీ ఇగో ఇచ్చేస్తున్న అనుకున్న. రెండో దినం గూడ ఇడిసిన. నా వరి ఎండుతున్నా ఇడిసిన. మూడో దినం వరకు బాయిల నీళ్లు మోకాలు బంటి లేసినయి. ఎన్నేండ్లకో బాయిల నీళ్లు. మెట్ల మీద కూసొని ఏడ్చిన. సంతోషంతోని బిడ్డా, గాడిది లెక్క సంతోషంతోని. ఊళ్లె వాళ్లను పిలిచి చూపెడుదామనుకున్న, తమ్ముని కోసం ఎంత జేస్తున్ననో.

నాలుగో దినం కింది ఆకులు పచ్చవడ్డయి. పైపు బంద్ జేసిన గని అయిపోయింది అప్పటికే. నీళ్లు ఇంకేసరికి వారమైంది. కుళ్లు వాసన. ఆకులు రాలినయి, కాయలు ముడుసుకపోయినయి పచ్చియి పచ్చిగనే. అంజీర మీది అరుగు మీద ఉండె గాబట్టి నీళ్లు అందలే. నా మంచితనం అంతెత్తుకు ఎక్కలే, బతికిపోయింది.

దవాఖానకెళ్లి వాళ్లు సీదా ఇంటికి రాలే. పెద్ద అంబర్‌పేట్‌ల మీ మేనత్త ఇంట్ల పదిహేను దినాలు ఉండి వచ్చిన్రు. మీ నాయినమ్మ మోకాళ్ల నొప్పులకు బాయిలకు దిగది, ఒడ్డు మీదికెళ్లి సూసి ఎండిన తీగ కనవడంగనే ఆడనే కూలవడ్డది. "అయ్యో, నీళ్లు పోసేటోళ్లు లేక పాయె" అని. నేను పక్కనే ఉన్న.

మీ తాత దిగుత అన్నడు. వద్దంటే ఇనడు. నా భుజం పట్టుకొని మెట్టుకొక్కసారి ఆగుకుంట దిగిండు. అడుగుల బురద ఎండి నెర్రెలు వాసింది. రాతికి నీళ్లు నిలిచిన గీత ఉన్నది, మోకాలు ఎత్తుల. ఆయన గా గీత మీద ఏలు వెట్టి ఇటుకెళ్లి అటు గీసిండు. గట్ల ఒకసారి లచ్చమ్మ మోటరు మీద చెయ్యి వెట్టింది, ఇప్పుడు ఈయన. మొగుడూ పెండ్లాం ఇద్దరు నోటితోని అడగరు నన్ను, చేతులతోనే అడుగుతరు.

మంచం మీద కూసొని అన్నడు, "అన్నా, జిందగీల ఒక్కసారి నీళ్లిచ్చినవ్. గది గూడ వద్దన్న దినం ఇచ్చినవ్."

అని నవ్విండు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలే. నేను ఈపు రాసిన. ఈపు మీద బొక్కలే ఉన్నయి.

దగ్గు ఆగినంక, "లచ్చికి చెప్పకు. ఏరుపురుగు వట్టిందని నేను చెప్త" అన్నడు.

"ఎందుకురా? నేనే చెప్త. తిడితే తిట్టనీ."

"తిట్టది. మళ్ల మాట్లాడకుంట అయితది. మళ్ల పదకొండేండ్లు గట్ల ఉండేటందుకు నా కాడ టైము లేదన్నా."

ఎనిమిది దినాలు ఉన్నడు అటెన్క. ఒక్క పండు నోట్లె వడలే. ఆయన ఏరుపురుగు అని చెప్పిండు గని ఆమె నమ్మలే. తన మనసు నొప్పియ్యొద్దని అబద్ధం ఆడుతున్నడనుకున్నది. అబద్ధమే, కని ఆమె కోసం కాదు, నా కోసం.

పదోదినం నాడు అందరి ముంగట ఏడ్చింది. "దవాఖానల కూసొని తీగను ఎండవెట్టిన, ఆయన నోటికి పండు అందకుంట జేసిన" అని. నేను ముంగట ఇస్తారి ఏసుకొని కూసున్న. నోరు తెరవాలె గద? తెరిసిన. గారెలు తినేటందుకు. మూడు తిన్న బిడ్డా. ఇంకోటి ఎయ్యమంటవా అంటే ఎయ్యి అన్న.

ఆయన వద్దన్నడు గద, మాట తప్పొద్దు గద అని నాకు నేనే చెప్పుకుంటున్న ఆరేండ్ల సంది. తమ్ముని మాట మీద అంత నిలవడేటోణ్ణి అయితే వంతు మాట మీద నిలవడుతుంటి గద. గదేం కాదు. భయం. గంతే.

ఇగో ఈ అంజీరలు. కాత వచ్చినప్పుడల్ల సగం ఏరి పంపుతది ఆమె. బాయి పొత్తుది, చెట్టు పొత్తుది, జంగయ్య బావ పాలు జంగయ్య బావకు పోవాలె అని. ఒక్కసారి గూడ తక్కువ పంపలే. తీస్కొని తింటున్న నేను. తియ్యగనే ఉంటయి, గదే బాధ.

ఏడుస్తున్నవా? ఊకో. నీ ఏడుపు గూడ దాంట్ల ఎక్కుతది.

ఆ గిన్నె ఇటియ్యి. కడిగే ఇస్త. ఖాళీ గిన్నె పంపొద్దంటరు పెద్దలు, బెల్లమో చింతపండో ఏదో ఒకటి ఏసి పంపేది ఇన్నేండ్లు. ఇయ్యాల ఏం ఎయ్య. నువ్వు పోయి నీ ఫోను ఆమె చెవి కాడ పెట్టు. మొత్తం ఇనిపియ్యి, మోటరు ముచ్చట గూడ, పెంటకుప్ప ముచ్చట గూడ, ఏదీ తీసెయ్యకు. నువ్వు పొయ్యక సావలే లచ్చమ్మా, నేను పోస్తే సచ్చింది... గీ మాట రెండుసార్లు ఇనిపియ్యి. ఆమెకు చెవులు జర మందమైనయి.

నేను నీ ఎనక వస్త. నా కట్టె ఏది? ఆ, ఈడనే. నేను మీ గేటు అవతల నిలవడ్త. లోపటికి రమ్మంటే వస్త. రమ్మనకుంటే గంట సేపు నిలవడి మర్రొస్త, రేపు మళ్ల నిలవడ్త. నిలవడుడు నాకు అలవాటే, పొలం ఒడ్డు మీద నిలవడ్డట్టు.

సల్లగుండు బిడ్డా. మీ తాత ఎతికిన సల్లదనం నీకు పైననే దొరకాలె, బాయిలకు దిగే పని వడొద్దు. పద, ముందు నువ్వు నడువు. నేను మెల్లగ... ఆ ఫోను ఇంక ఎక్కుతనే ఉన్నదా?